కంచెలో దొరికిన బొమ్మలు: ఐర్లండ్ పల్లె పిల్లల ఆటలు, ఆచారాలు

ఐర్లండ్ పల్లెల్లో పెద్దవాళ్లకు ఎల్డర్ చెట్టంటే అనుమానం. ఆ కర్రతో ఊయల చేయించేవారు కాదు, పొయ్యిలో పెట్టేవారు కాదు. ఎల్డర్ బెత్తంతో పిల్లాడిని కొడితే వాడి ఎదుగుదల ఆగిపోతుందని చెప్పుకునేవారు. అదే చెట్టు కొమ్మ పిల్లల చేతికి చిక్కితే మాత్రం తుపాకి అయ్యేది.

కారణం చెట్టులోనే ఉంది. ఎల్డర్ లేత కొమ్మ పైకి గట్టిగా కనిపించినా లోపలంతా బెండులా మెత్తగా ఉంటుంది. బొటనవేలంత లావు కొమ్మను జానెడు పొడవున కోసి, ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతోనో అల్లిక సూదితోనో ఆ బెండును బయటికి నెట్టేస్తే చక్కటి గొట్టం తయారవుతుంది. హేజెల్ లాంటి గట్టి చెట్టు పుల్లను దాంట్లో సరిగ్గా పట్టేలా చెక్కి, ఒక చివర పిడి వదులుతారు. నమిలి ముద్ద చేసిన కాగితాన్నో, నారపీచునో ఉండ చుట్టి గొట్టం ఆ కొసదాకా నెడతారు. రెండో ఉండ వెనక నుంచి పెట్టి పుల్లతో గట్టిగా తోస్తే రెండు ఉండల మధ్య చిక్కిన గాలి నొక్కుకుపోయి, ముందున్న ఉండ 'టప్'మని ఎగిరిపోతుంది. ఇందులో అసలు కిటుకు తోపుడు పుల్ల పొడవు. అది గొట్టం కన్నా కాస్త పొట్టిగా ఉండాలి. అప్పుడే రెండో ఉండ బయటికి పడిపోకుండా మూతి దగ్గర ఆగి, తర్వాతి గుండు అవుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు. అన్న చేస్తుంటే తమ్ముడు చూసి నేర్చుకున్నాడు.

పల్లె బాల్యం గురించి రాసేటప్పుడు బొమ్మలను ఒక అధ్యాయంలో, పండగలూ నమ్మకాలనూ ఇంకో అధ్యాయంలో పెట్టడం మామూలే. ఐర్లండ్ విషయంలో అలా విడదీస్తే సగం అర్థం జారిపోతుంది. పొలాల గట్ల వెంట చెట్లూ పొదలూ కలిసి పెరిగే కంచె బొమ్మకు సరుకు ఇచ్చింది, ఆచారానికీ అదే ఇచ్చింది. ఏ నెలలో ఏ చెట్టు ముట్టుకోవాలో, ఎవరి గడప ఎప్పుడు ఎక్కవచ్చో చెప్పిన పంచాంగం కూడా రెండింటికీ ఒక్కటే. ఆడుకుంటూనే పిల్లలు ఊరి జీవితంలో తమ వంతు తీసుకున్నారు.

ఇదంతా ఇంత వివరంగా తెలియడానికి కారణం కూడా పిల్లలే. 1935లో ఐర్లండ్ ప్రభుత్వం జానపద సంపదను సేకరించడానికి ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. దాని డైరెక్టర్ షేమస్ ఓ డిలార్గా. విద్యాశాఖ, ప్రాథమిక పాఠశాలల టీచర్ల సంఘం చేయి కలపడంతో 1937 నుంచి 1939 దాకా ఒక అపూర్వమైన పని జరిగింది. స్కూల్లో పై తరగతులు చదివే, ఎక్కువగా 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వ్యాసరచన బదులు ఈ పని అప్పగించారు. ఇంటికెళ్లి అమ్మానాన్నలనూ, తాతలనూ, పక్కింటి ముసలివాళ్లనూ అడిగి రాసుకు రావాలి. దేని గురించి అడగాలో సూచించే చిన్న పుస్తకాన్ని కమిషన్ టీచర్లకు పంపింది. అందులోని అంశాల్లో ఇంట్లో చేసుకునే బొమ్మలు ఒకటి, ఆటలు ఒకటి. సుమారు 5,000 స్కూళ్ల నుంచి 50,000 మందికి పైగా పిల్లలు రాసిన ఈ సేకరణ దాదాపు 7,40,000 పేజీలు ఉంది. ఇప్పుడది డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోని జాతీయ జానపద భాండాగారంలో ఉంది. కమిషన్ సేకరణను 2017లో యునెస్కో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

దీనికి పరిమితులు లేకపోలేదు. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని ఆరు కౌంటీలు, అంటే జిల్లాలు, ఇందులో లేవు. టీచరు దిద్దుతారని తెలిసి రాసిన పిల్లలు అల్లరిని కొంత దాచుకునే ఉంటారు. అయినా ఈ పేజీల విలువ వేరు. బాల్యం గురించి మనకు దొరికే రాతల్లో ఎక్కువ భాగం యాభై అరవై ఏళ్ల తర్వాత, తియ్యటి జ్ఞాపకాల్లోంచి పెద్దవాళ్లు రాసినవే. ఇక్కడ రాసినవాళ్ల చేతుల్లో ఆ బొమ్మ ఇంకా ఉంది. అందుకే వాళ్ల రాతలో నిట్టూర్పు ఉండదు. ఎంత పొడవు కోయాలి, ఎక్కడ గాటు పెట్టాలి, దారం ఎలా కట్టాలి అనే ఉంటుంది.

ఈల సంగతే చూడండి. పచ్చి కొమ్మతో ఈల చేయాలంటే వసంతం రావాలి. ఏప్రిల్, మే నెలల్లో చెట్టులో రసం పైకి ఎక్కుతుంది. అప్పుడు బెరడుకూ కలపకూ మధ్య పొర తడిగా, జారుగా ఉంటుంది. విల్లో కొమ్మనో సికమోర్ కొమ్మనో వేలెడు పొడవు ముక్కగా కోసి, ఒక కొసను నోటికి ఆనేలా ఏటవాలుగా చెక్కుతారు. దానికి కొంచెం అవతల పైన ఒక గాటు. ఇంకొంచెం కింద బెరడు మాత్రమే తెగేలా చుట్టూ ఒక గీత. తర్వాత కొమ్మను ఉమ్మితో తడిపి, మోకాలి మీద పెట్టుకుని కత్తి పిడితో చుట్టూ తడుతూ పోవాలి. గట్టిగా కొడితే బెరడు చిట్లుతుంది, మెల్లగా కొడితే ఊడిరాదు. సరిగ్గా కుదిరితే బెరడు మెలితిప్పగానే గొట్టంలా చెక్కుచెదరకుండా జారి వస్తుంది. లోపలి తెల్లటి కలప మీద గాలి పోయేందుకు సన్నని దారి చెక్కి, గాటు కింద కాస్త గుంట తీసి, బెరడును మళ్లీ తొడిగేస్తే ఈల సిద్ధం. రసం తగ్గే కాలంలో ఇదే పని చేయబోతే బెరడు ముక్కలు ముక్కలవుతుంది. ఈ ఈల ఆయుష్షూ తక్కువే. ఎండితే బెరడు ముడుచుకుని పలకడం మానేస్తుంది.

దుకాణంలో కొన్న బొమ్మకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కొన్న బొమ్మ ఏ నెలలోనైనా ఒకేలా ఉంటుంది. ఈల పిల్లాడి ఇష్టాన్ని బట్టి రాదు, చెట్టు ఒప్పుకున్నప్పుడే వస్తుంది. శరదృతువులో హార్స్ చెస్ట్‌నట్ కాయలు రాలితే వాటికి దారం గుచ్చి ఒకరి కాయతో ఒకరి కాయను పగలగొట్టే ఆట, మంచు గడ్డకడితే జారుడు. ఆటల వరస వాతావరణం చేతిలో ఉండేది.

అలాగని ఈ బొమ్మలన్నీ చెట్ల నుంచే వచ్చాయనుకుంటే పొరపాటు. పాత పీపా చుట్టూ ఉండే ఇనప పట్టీ కర్రతో దొర్లించే చక్రం అయింది. దారం అయిపోయిన చెక్క కండెను మధ్యకు కోసి, పుల్ల దిగ్గొడితే బొంగరం. క్యాటపల్టుకు చీలిన కొమ్మ కంచెలోంచి, సాగే రబ్బరు పాడైన సైకిల్ ట్యూబులోంచి, రాయి పెట్టే తోలు పాత బూటు నాలుకలోంచి. ఆ రబ్బరు వెనక ఒక ముచ్చటైన కథ కూడా ఉంది. గాలి నింపిన టైరును బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బోయ్డ్ డన్‌లప్ 1887లో తయారుచేసింది తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసమే. 1888లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. పిల్లాడి బండి కోసం పుట్టిన వస్తువు లోకమంతా తిరిగి, అరిగిపోయి, మళ్లీ పల్లె పిల్లాడి చేతికే చేరింది. సంప్రదాయం అనగానే ఫ్యాక్టరీ వాసన తగలనిదేదో అనుకుంటాం. ఐర్లండ్ పిల్లలకు అలాంటి పట్టింపు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పారేసినదేదైనా వాళ్లకు ముడిసరుకే.

కొన్ని ఆటలకు ఏదీ తయారుచేయక్కర్లేదు. వాళ్లు జాక్‌స్టోన్స్ అనే ఆట ఐదు గులకరాళ్లతో ఆడేది. ఒకటి ఎగరేసి, అది కిందపడేలోగా మిగతావి ఏరాలి. తెలుగు ఆడపిల్లలు ఆడే అచ్చనగాయలూ ఇదే ఆట. ఇది అక్కడి నుంచి ఇక్కడికో, ఇక్కడి నుంచి అక్కడికో వెళ్లిందని వాదించక్కర్లేదు. ప్రాచీన గ్రీకులూ ఎముకలతో ఇలాంటిది ఆడారు.

ఆడపిల్లల ఆటల్లో ఆలోచింపజేసేది వాళ్లు 'బేబీ హౌస్' అని కట్టుకున్న బొమ్మరిల్లు. గోడ మూలనో చెట్టు కిందో రాళ్లు వరసగా పేర్చి గదులు గుర్తుపెట్టేవారు. ఆ ఇంటికి సింగారం పగిలిన పింగాణీ పెంకులు. పెంట కుప్పల దగ్గర, పొలంలో దున్నిన చాళ్లలో నీలం పూవు, బంగారు అంచు ఉన్న ముక్కలను ఏరి, కడిగి, రాతి అరల మీద బొమ్మ పైకి కనిపించేలా నిలబెట్టేవారు. ఎందుకంటే అసలు ఇంట్లో అమ్మ అలాగే పెట్టేది. ఐరిష్ పల్లె వంటింట్లో గోడకు ఆనించిన చెక్క డ్రెస్సర్, దాని మీద వరసగా పళ్లేలూ జగ్గులూ, ఆ ఇంటి పరువు అదే. మంచి పింగాణీని పిల్లలను తాకనిచ్చేవారు కాదు. పగిలాక మాత్రం అది పిల్లల సొత్తు. మంచి ముక్కల కోసం బేరాలు, మార్పిళ్లు, తగాదాలు కూడా నడిచేవి. ఇల్లు నడపడం అంటే ఏమిటో ఆ పెంకులతోనే సాధన చేశారు. తమ్ముళ్లను ఎత్తుకోవడం, నీళ్లు మోయడం వంటి అసలు పనులు ఎటూ ఉండనే ఉన్నాయి. మగపిల్లలకు తుపాకీ, ఆడపిల్లలకు ఇల్లూ అన్న విభజన అప్పుడే ఖాయమైపోయేదన్నది దాచాల్సిన విషయం కాదు.

ఇక ఆచారాలు. వీటిలో పిల్లల పాత్ర ఎక్కువగా గడప గడపకూ తిరగడం. ఫిబ్రవరి 1న ఐర్లండ్ క్రైస్తవులు కొలిచే సాధ్వి సెయింట్ బ్రిజిడ్ పండగ. ముందురోజు రాత్రి చిత్తడి నేలల్లో పెరిగే రష్ అనే గడ్డిని కోయకుండా పీకి తెచ్చి శిలువలు అల్లేవారు. అగ్నిప్రమాదం రాకుండా అవి ఇంటిని కాపాడతాయని నమ్మి గుమ్మం పైనో దూలానికో దోపేవారు. అదే సమయంలో పిల్లలు బ్రీజోగ్ అనే బొమ్మను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ బొమ్మ ఎలా చేసేవారంటే, చాలాచోట్ల వెన్న చిలికే కవ్వానికి గడ్డి చుట్టి బట్టలు తొడిగేవారు. రోజూ అమ్మ చేతిలో ఉండే కవ్వం ఆ రాత్రికి సెయింట్ బ్రిజిడ్ అయ్యేది. బ్రిజిడ్ పాడికీ పశువులకూ రక్ష అని నమ్మకం. కాబట్టి ఆ కవ్వం ఎంపిక ఊరికే జరిగింది కాదని అనిపిస్తుంది. దీన్ని బొమ్మ అనాలా, విగ్రహం అనాలా, పనిముట్టు అనాలా? మూడూ ఒకే వస్తువులో ఉన్నాయి కాబట్టి ఏ ఒక్క అల్మరాలోనూ అది ఇమడదు.

తిరిగిన పిల్లలకు చిల్లర డబ్బులో, గుడ్లో, రొట్టె ముక్కో దొరికేది. ఈస్టరు నాటికి గుడ్ల వంతు వచ్చేది. పూర్వం ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసంలో గుడ్లు ముట్టుకునేవారు కాదు, కోళ్లు మాత్రం పెడుతూనే ఉండేవి. ఉత్తరాది కౌంటీల్లో పిల్లలు ఆ గుడ్లు ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగి పోగుచేసుకుని, ఆరుబయట మంట పెట్టి తామే వండుకుని తినేవారు. క్లూడోగ్ అనేవారు దాన్ని. చేతికి డబ్బు అందని ఇళ్లలో కూడా పిల్లలకు ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండేలా ఈ పద్ధతి కుదిరింది. అడగడం అడుక్కోవడం కాకుండా పోయింది, ఎందుకంటే ఆ రోజు అడగడం పిల్లల హక్కు.

అక్టోబర్ 31న, దెయ్యాల పండగ హాలోవీన్ రాత్రి, టర్నిప్ దుంపల వంతు. గుమ్మడికాయ అమెరికాలో అందుకున్న పాత్రను ఐర్లండ్‌లో టర్నిప్పే పోషించింది. గట్టి దుంపను తొలిచి, కళ్లూ పళ్లూ చెక్కి, లోపల కొవ్వొత్తి ముక్క పెట్టేవారు. మేయో కౌంటీ టర్లో పార్క్‌లో ఉన్న నేషనల్ మ్యూజియం పల్లె జీవన శాఖలో డొనెగల్ కౌంటీ ఫిన్‌టౌన్‌కు చెందిన అలాంటి దీపం ప్లాస్టర్ నమూనా ఉంది. అసలు దుంపను 1943లో ఒక టీచర్ మ్యూజియంకు ఇచ్చారు. అది శిథిలమవుతుండటంతో అచ్చు తీసి నమూనా చేశారు. మెరిసే గుమ్మడికాయ నవ్వుకు అలవాటుపడ్డ కళ్లకు ఆ ముఖం నిజంగానే భయం పుట్టిస్తుంది. ముడతలు పడి, ఎండి, శవం ముఖంలా ఉంటుంది.

భయం ఈ బాల్యంలో చిన్న విషయం కాదు. పసిబిడ్డలను దేవకన్నెల్లాంటి అదృశ్య జనం ఎత్తుకుపోయి, బదులుగా తమ బిడ్డను పెట్టిపోతారని నమ్మేవారు. తల్లి గదిలోంచి బయటికెళ్తే ఊయల మీద ఇనప పట్టకారు అడ్డంగా పెట్టేది. ఇనుమంటే వాళ్లకు పడదు కాబట్టి. పశ్చిమ తీరంలో, కొనెమారా, ఆరన్ దీవుల్లో పదేళ్లు దాటిన మగపిల్లలు కూడా లంగాలు తొడుక్కుని నిలబడ్డ ఫొటోలు ఉన్నాయి. ఎత్తుకుపోయేవాళ్లకు మగపిల్లలంటేనే మక్కువ, ఆడపిల్ల అనుకుని వదిలేస్తారు అన్నది జనం చెప్పిన కారణం. కుట్టడం తేలిక, పిల్లాడు ఎదిగినా పట్టడం, అక్క బట్టలు తమ్ముడికి సరిపోవడం వంటి లౌకిక కారణాలూ దాని వెనక ఉండవచ్చు. కానీ పిల్లలు ఎక్కువగా చనిపోయే కాలంలో ఆ నమ్మకాన్ని మూఢత్వం అని కొట్టిపారేయడం తేలిక మాత్రమే, న్యాయం కాదు. చేతిలో మందు లేని తల్లి చేతిలో ఉన్న పట్టకారును వాడింది.

ఈ లోకంలో క్రూరత్వం కూడా ఉంది. డిసెంబర్ 26న రెన్ అనే చిన్నారి పిట్టను వేటాడి చంపి, రిబ్బన్లు కట్టిన హాలీ కొమ్మకు వేలాడదీసి, దాని అంత్యక్రియలకని డబ్బులు అడుగుతూ మగపిల్లలు ఊరంతా తిరిగేవారు. క్రైస్తవ అమరవీరుడు సెయింట్ స్టీఫెన్ దాక్కున్న చోటును ఆ పిట్టే శత్రువులకు చెప్పిందని ఒక కథ. ఐరిష్ సైనికులు పొంచి ఉంటే ఢంకా మీద వాలి చప్పుడు చేసి పట్టించిందని ఇంకో కథ. చలికాలంలో విల్లో పుల్లలతో బుట్టలాంటి బోను అల్లి, కింద రొట్టె తునకలు చల్లి పిట్టలు పట్టడం కూడా మామూలే. ప్రకృతి ఒడిలో పెరిగిన పసివాళ్లు అంటూ రాసే వ్యాసాలు ఈ పేజీని తిప్పేస్తాయి. తిప్పకూడదు. కంచెను అంత దగ్గరగా తెలుసుకున్న పిల్లలు దాంట్లో ఉన్న ప్రాణాలను తీయడమూ అక్కడే నేర్చుకున్నారు.

ఇందులో ఏది మిగిలింది, ఏది పోయింది అని చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. రష్ శిలువ మిగిలింది. స్కూళ్లు దాన్ని పట్టుకున్నాయి, 1961లో మొదలైన జాతీయ టీవీ దాన్నే తన చిహ్నం చేసుకుంది, 2023 నుంచి బ్రిజిడ్ పేరిట ప్రభుత్వ సెలవు కూడా వచ్చింది. డబ్లిన్‌లో చదువుకునే తెలుగు పిల్లలు సైతం ఫిబ్రవరి వచ్చిందంటే క్లాసులో ఈ శిలువ చేసి ఇంటికి తెస్తారు. పట్నంలో రష్ గడ్డి దొరక్కపోతే కాగితపు గొట్టాలతో అల్లిస్తారు. రెన్ పండగ కెర్రీ కౌంటీ డింగిల్‌లో ఏటా జరుగుతుంది. గడ్డి వేషాలు, వేణువులు, డ్రమ్ములు ఉంటాయి, పిట్టను మాత్రం చంపరు. ఊరి బృందాలు భుజాన వేసుకున్నాయి కాబట్టి అది నిలిచింది. ఎల్డర్ తుపాకీ, పచ్చి కొమ్మ ఈల, పింగాణీ పెంకుల ఇల్లు మాత్రం ఏ సంస్థకూ పట్టలేదు. సిలబస్‌లో పెట్టడానికి అవి అనుకూలం కాదు. క్లాసులో ముప్పై మందికి కత్తులు ఇచ్చి కొమ్మ కోయమనడం ఏ టీచరుకైనా టెన్షనే. 1946లో పల్లెలకు కరెంటు వేయడం మొదలయ్యాక సాయంత్రాల తీరు మారింది, వలసలు కొన్ని ఊళ్లలో పిల్లలనే మిగల్చలేదు. కవ్వం పోయాక బ్రీజోగ్‌కు దూది కుక్కిన బొమ్మ సరిపోతుందేమో గానీ అమ్మ పనిముట్టును ఒక్క రాత్రికి అరువు తెచ్చుకోవడం ఉండదు.

సంస్థ పట్టుకుంటే ఎంత దూరం పోతుందో కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ ఆట చూపిస్తుంది. పీట్ నేలల్లో, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలల్లో తవ్వేటప్పుడు జుట్టుతో చేసిన పాత బంతులు బయటపడ్డాయి. లోపల ఆవు వెంట్రుకల ఉండ, పైన గుర్రపు వెంట్రుకల జడ అల్లిక. కార్బన్ పరీక్షల్లో వాటిలో అతి పాతది 12వ శతాబ్దం నాటిదని తేలింది. 1930ల పిల్లలు పాత మేజోడు ఊలు విప్పి చుట్టుకున్న బంతి ఆ వరసలోదే. కంచెలో సహజంగా వంగిన కొమ్మ దొరికితే అదే వాళ్ల బ్యాటు. 1884లో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఏర్పడి, నియమాలు రాసి, ఊరూరా క్లబ్బు పెట్టడంతో ఆ ఆట జాతీయ క్రీడ అయింది. 2018లో యునెస్కో గుర్తింపూ వచ్చింది.

అయితే ఆటను కాపాడిన సంస్థ చెట్టును కాపాడలేకపోతోంది. హర్లీ కర్రను యాష్ చెట్టు మొదలు నుంచి, వేరు వైపు కలప వంపు తిరిగే చోట కోస్తారు. ఆ వంపు వెంట పోగులు వరసగా నడిస్తేనే దెబ్బకు విరగదు. 2012 అక్టోబర్‌లో ఐర్లండ్‌లో తొలిసారి బయటపడిన శిలీంధ్ర తెగులు, యాష్ డైబ్యాక్, అప్పటి నుంచి దేశమంతా పాకింది. హర్లీలకు కావాల్సిన కలపలో చాలా భాగం ఇప్పటికే బయటి దేశాల నుంచి వస్తోంది. వెదురు హర్లీలూ, సింథటిక్ హర్లీలూ మైదానంలోకి దిగాయి. ఈ తరం పిల్లలు ఆ కర్రతో ఆట బాగానే ఆడుతున్నారు. ఏ కంచెలో ఏ కొమ్మ సరిగ్గా వంగి ఉందో కనిపెట్టే పని మాత్రం వాళ్లకు ఇక పడదు.